ప్రవేశాలకే పరిమితమైన ఉన్నత విద్యా మండలి

వేసవి వచ్చిందంటే తెలుగునాట ఉన్నత విద్యా మండలి పేరు ఇంటింటా వినిపిస్తుంది. ప్రవేశ పరీక్షల ప్రకటన, హాల్ టికెట్లు, ప్రాథమిక ‘కీ’, దానిపై అభ్యంతరాలు, ర్యాంకులు, ధ్రువపత్రాల పరిశీలన, సీట్ల కేటాయింపు, మిగిలిన సీట్లకు మరో విడత... ఇలా నాలుగైదు నెలలపాటు మండలి కార్యాలయం ప్రకటనల మీద ప్రకటనలు వెలువరిస్తుంది. దసరా నాటికి ఆ సందడి సద్దుమణుగుతుంది. దానితోపాటే మండలి పేరు కూడా వార్తల నుండి నిష్క్రమించి, మళ్ళీ మార్చిలో గాని కనిపించదు. సగటు తల్లిదండ్రుల దృష్టిలో మండలి అంటే ఎంసెట్ జరిపే ఆఫీసు. ఈ అభిప్రాయానికి వారిని తప్పుపట్టనవసరం లేదు. మండలి సైతం చాలా ఏళ్ళుగా తనను తాను అంతకు మించి ఊహించుకుంటున్నట్లు కనిపించదు. పాలకులు కూడా దాని నుండి అంతకు మించి ఆశించడం లేదు. అయితే శాసనం ఈ సంస్థను సృష్టించింది మాత్రం ఇందుకు కాదు.

1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన ఉన్నత విద్యా మండలి చట్టం ఈ సంస్థ విధులను మూడు తరగతులుగా విభజించింది. ప్రణాళికా రచన, సమన్వయం మొదటిది. విద్యా విషయక విధులు రెండవది. ప్రభుత్వానికి, విశ్వవిద్యాలయాలకు సలహాలివ్వడం మూడవది. రాష్ట్రంలో ఉన్నత విద్యకు దీర్ఘకాలిక ప్రణాళిక తయారు చేయడం, కొత్త సంస్థలు ఎక్కడ, ఏ ప్రాతిపదికపై నెలకొల్పాలో సూత్రాలు రూపొందించడం, విశ్వవిద్యాలయాల అభివృద్ధి ప్రతిపాదనలను తన అభిప్రాయంతో యుజిసికి పంపి వాటి అమలును గమనించడం, పాఠ్య ప్రణాళికలను కాలానుగుణంగా మార్పించడం, పరీక్షా విధానాన్ని సంస్కరించడం, అధ్యాపకులకు శిక్షణ కల్పించడం, స్వయంప్రతిపత్తి గల కళాశాలలను ప్రోత్సహించడం, పరిశ్రమలతో విద్యాసంస్థలకు సంబంధాలు ఏర్పరచడం, నిర్వహణ గ్రాంట్లు ఏ లెక్కన ఇవ్వాలో ప్రభుత్వానికి సూచించడం - ఇవన్నీ మండలి బాధ్యతలే. విశ్వవిద్యాలయాలు, కళాశాలల పనితీరుపై సమగ్ర సమీక్షా నివేదిక తయారు చేయడం కూడా చట్టం విధించిన పనే. ప్రవేశ పరీక్షల నిర్వహణ ఈ సుదీర్ఘమైన పట్టికలో ఒకే ఒక పద్దు. ఆ ఒక్క పద్దు తక్కిన వాటినన్నిటినీ మింగివేయడమే మూడున్నర దశాబ్దాల మండలి చరిత్రలోని విషాదం.

ఈ సంస్థ పుట్టుక వెనుక ఒక న్యాయపోరాటం ఉంది. 1986లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ఉన్నత విద్యా కమిషనరేట్ చట్టం తెచ్చింది. విశ్వవిద్యాలయాలపైన, కళాశాలలపైన ఆ కమిషనరేట్‌కు విస్తృతాధికారాలు దఖలు పడ్డాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం ఆ చట్టాన్ని సవాలు చేసింది. హైకోర్టులో ఓడినప్పటికీ పట్టువిడవక సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1987 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఉన్నత విద్యలో ప్రమాణాల నిర్ణయం, సమన్వయం రాజ్యాంగంలోని కేంద్ర జాబితా 66వ అంశం కిందికి వస్తాయి, ఆ పనికి పార్లమెంటు 1956లోనే యుజిసి చట్టం చేసింది, అదే పనిని రాష్ట్రం మరో యంత్రాంగానికి అప్పగించజాలదు అన్నది ఆ తీర్పు సారాంశం. 1976 నాటి 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చినా, ఆ అధికారం 66వ అంశానికి లోబడే ఉండాలని దీనితో తేటతెల్లమయింది.

అదే సమయంలో 1986 జాతీయ విద్యా విధానం రాష్ట్ర స్థాయిలో ఉన్నత విద్యా మండళ్ళు ఉండాలని, యుజిసితో కలిసి అవి ప్రమాణాలను కనిపెట్టుకుని ఉండాలని నిర్దేశించింది. న్యాయస్థానం మూసిన తలుపు పక్కనే జాతీయ విధానం ఒక కిటికీ తెరిచినట్లయింది. ఆ అవకాశాన్ని అందిపుచ్చుకుని 1988లో చట్టబద్ధమైన మండలిని ఏర్పాటు చేసిన ఘనత ఆంధ్రప్రదేశ్‌ది. తమిళనాడు 1992లో, ఉత్తరప్రదేశ్ 1995లో, కేరళ 2007లో ఈ బాట పట్టాయి. మన చట్టంలో యుజిసి మార్గదర్శకాల ప్రకారం అనే మాట పదే పదే కనిపించడానికి కారణం 1987 నాటి తీర్పే. దెబ్బతిన్న శాసనకర్త ఆచితూచి అడుగు వేసిన జాడ అది. ఆ జాగ్రత్తలో తప్పు లేదు. విచారించవలసిన విషయమేమంటే, కమిషనరేట్ వలె పెత్తనం చెలాయించరాదన్న హెచ్చరికను మండలి అసలు నోరు విప్పరాదన్న ఆదేశంగా అర్థం చేసుకుంది.

ప్రవేశ పరీక్షల వ్యవస్థ సాధించిన మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. 1983లో క్యాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ, ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ రాష్ట్రం చేసిన చట్టం దేశంలోనే సాహసోపేతమైనది. ఇంజనీరింగ్, వ్యవసాయ, వైద్య కోర్సులకు 1986లో ఉమ్మడి ప్రవేశ పరీక్ష మొదలు కావడంతో సిఫార్సు ఉత్తరాలకు, డబ్బు సంచులకు చాలావరకు అడ్డుకట్ట పడింది. మారుమూల పల్లెలో పుట్టిన రైతుబిడ్డ, పట్టణంలో రిక్షా తొక్కే కార్మికుని కూతురు ర్యాంకు చేతబట్టుకుని పేరున్న కళాశాలలో హక్కుగా సీటు పొందగలిగారు. పొరుగున ఉన్న కర్ణాటకకు లక్షలు మోసుకుపోయి సీట్లు కొనుక్కున్న ఆ రోజులు గుర్తున్నవారికి దీని విలువ తెలుసు. అయితే అర్హుడైన విద్యార్థిని కళాశాల గుమ్మం దాకా చేర్చడంతో బాధ్యత తీరిపోదు. గుమ్మం లోపల పాఠం చెప్పేవారు ఉన్నారా, ప్రయోగశాల ఉందా, నాలుగేళ్ళ తర్వాత ఆ పట్టా తీసుకుని విద్యార్థి ఏం చేయాలి అన్న ప్రశ్నలు కూడా ఎవరో ఒకరు అడగాలి. చట్టం ప్రకారం ఆ ‘ఎవరో ఒకరు’ ఉన్నత విద్యా మండలి.

ఇంజనీరింగ్ విద్య నడిచిన తీరు చూస్తే ఈ ప్రశ్నను అడగకపోవడం వల్ల వాటిల్లిన నష్టం అర్థమవుతుంది. ఉన్నికృష్ణన్ కేసులో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే కక్షిదారు. ఆ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రయివేటు వృత్తి విద్యా కళాశాలల్లో ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అనే ఏర్పాటు దేశమంతటా వచ్చింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసు తీర్పు దానిని తిరగదోడింది. ఈ మార్పుల నడుమ పదుల సంఖ్యలో ఉన్న ఇంజనీరింగ్ కళాశాలలు వందలకు పెరిగాయి. 2008లో ఫీజుల రీయింబర్స్‌మెంట్ పథకం రావడంతో ఆ పెరుగుదలకు పట్టపగ్గాలు లేకపోయాయి. రాష్ట్ర విభజన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో కళాశాలల సంఖ్య 700కు పైబడింది. బీద విద్యార్థికి ఉన్నత విద్యను అందుబాటులోకి తెచ్చిన ఆ పథకం ఉద్దేశాన్ని శంకించడానికి వీలులేదు. కాని ప్రభుత్వ ధనం ఖాయంగా వస్తుందన్న భరోసాతో చెరువుగట్టున, పొలాల నడుమ వెలసిన భవనాలన్నీ కళాశాలలేనా అని విచారించవలసిన బాధ్యత ఎవరిది? అనుమతి ఇచ్చినది ఎఐసిటిఇ, అనుబంధం ఇచ్చినది విశ్వవిద్యాలయం, డబ్బు ఇచ్చినది రాష్ట్ర ప్రభుత్వం, సీట్లు నింపినది మండలి. నలుగురి చేతుల మీదుగా నడిచిన కార్యానికి ఎవరూ జవాబుదారీ కాకపోవడం విచిత్రం. కొత్త సంస్థల స్థాపనకు సూత్రాలు రూపొందించవలసిన మండలి, జిల్లాకు ఎన్ని కళాశాలలు అవసరమో ముందుగా తేల్చి గట్టిగా చెప్పి ఉంటే, తర్వాత సీట్లు నిండక మూతపడిన కళాశాలల్లో చిక్కుకున్న విద్యార్థులకు, జీతాలందని అధ్యాపకులకు ఆ అవస్థ తప్పేది.

ఆ పాఠం నేర్చుకున్న దాఖలాలు ఇప్పటికీ లేవు. 2024-25 విద్యా సంవత్సరం నుండి మంచి పనితీరు గల కళాశాలలకు సీట్ల గరిష్ఠ పరిమితిని ఎఐసిటిఇ ఎత్తివేసింది. కంప్యూటర్ సైన్సు, దాని ఉపశాఖల సీట్లను ఎడాపెడా పెంచుకోవడానికి, సివిల్, మెకానికల్ సీట్లను వాటిలోకి మార్చుకోవడానికి యాజమాన్యాలు పోటీపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం అడ్డు చెప్పడంతో 2024లో కొన్ని కళాశాలలు హైకోర్టును ఆశ్రయించాయి. ఒక ఇంజనీరింగ్ శాఖలో సీట్లు ఎన్ని ఉండాలి అన్న ప్రశ్న విద్యావేత్తల సభలో తేలవలసింది. అది న్యాయవాదుల వాదోపవాదాల్లో తేలుతున్నదంటే, నమ్మదగిన లెక్కలతో ముందుగా మాట్లాడే సంస్థ ఏదీ లేకపోయిందని అర్థం. రోడ్లు, వంతెనలు, సాగునీటి ప్రాజెక్టులు కట్టుకునే రాష్ట్రాలకు సివిల్ ఇంజనీర్లు అక్కరలేదా అని అడిగేవారే కరువయ్యారు.

ఇంజనీరింగ్‌పై జరిగే చర్చలో పదో వంతు కూడా మామూలు డిగ్రీ కళాశాలలపై జరగదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్య అభ్యసిస్తున్నారు. 18 నుండి 23 ఏళ్ళ వయోవర్గంతో పోల్చిన స్థూల నమోదు నిష్పత్తి జాతీయ స్థాయిలో 28.4 ఉండగా, తెలంగాణలో 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. ఆ వయసు జనాభా ప్రతి లక్షకు కళాశాలల సంఖ్యలోనూ దేశ సగటు 30 కాగా, తెలంగాణలో 52, ఆంధ్రప్రదేశ్‌లో 49 ఉన్నాయి. అంకెలు చూసి సంతోషించవలసిందే. జాతీయ విద్యా విధానం 2035 నాటికి దేశం చేరాలని పెట్టుకున్న 50 శాతం లక్ష్యానికి తెలుగు రాష్ట్రాలు అంత దూరంలో లేవు. అయితే తలలు లెక్కించడం ఒకటి, తలలోకి ఏం చేరిందో చూడడం మరొకటి. చిన్న పట్టణంలో రెండు అద్దె గదుల్లో నడిచే డిగ్రీ కళాశాల కూడా ఈ 52లో, 49లో ఒకటే. అందులో చేరిన విద్యార్థిని, ఆమె కుటుంబంలో డిగ్రీ గడప తొక్కిన మొదటి వ్యక్తి అయినా సరే, ఈ లెక్కలో ఒక అంకె మాత్రమే. చట్టం చెప్పిన సమగ్ర సమీక్షా నివేదిక ఏటేటా ప్రజల ముందుకు వచ్చి ఉంటే, ఈ అంకెల వెనుక ఉన్న కళాశాలల నిజస్వరూపం శాసనసభకైనా తెలిసి ఉండేది.

విశ్వవిద్యాలయాల పరిస్థితి ఇంతకన్న మెరుగుగా లేదు. 2006-08 సంవత్సరాల మధ్య శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, మచిలీపట్నం, నెల్లూరు, కడప, కర్నూలు, నల్గొండ, కరీంనగర్, మహబూబ్‌నగర్, నిజామాబాద్‌లలో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. జిల్లాకొక విశ్వవిద్యాలయం అన్న నినాదం ఓటరుకు వినసొంపుగానే ఉంటుంది. వెనుకబడిన ప్రాంతాల యువతకు, ముఖ్యంగా దూరాభారం వల్ల చదువు మానుకునే ఆడపిల్లలకు అవి ఆసరాగా నిలిచాయన్నదీ నిజం. కాని భవనాలతోపాటు శాశ్వత అధ్యాపకులను కూడా మంజూరు చేయాలన్న స్పృహ ప్రభుత్వాలకు లేకపోయింది. ఏళ్ళ తరబడి ఒప్పంద అధ్యాపకులు, గంటల లెక్కన పనిచేసే అతిథి అధ్యాపకులు ఈ సంస్థలను మోస్తున్నారు. దేశంలో ఉన్నత విద్య అభ్యసించేవారిలో నూటికి ఎనభై మందికి పైగా రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిధిలోనే ఉన్నారని, ఆ విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు 40 శాతానికి మించి ఖాళీగా ఉన్నాయని నీతి ఆయోగ్ 2025 ఫిబ్రవరి నివేదికలో పేర్కొన్నది. ఉస్మానియా, ఆంధ్రా వంటి వయసు మీరిన విశ్వవిద్యాలయాల్లో పదవీ విరమణ చేసినవారి కుర్చీలు అలాగే ఉండిపోతున్నాయి. నియామకాల కోసం ఉమ్మడి బోర్డు ఏర్పాటు చేస్తూ తెలంగాణ శాసనసభ 2022 సెప్టెంబరులో ఆమోదించిన బిల్లు గవర్నర్ కార్యాలయం వద్ద చిక్కుపడిపోయింది. ప్రభుత్వం, రాజ్‌భవన్ వాదించుకుంటున్నంత కాలం తరగతి గదిలో నల్లబల్ల ఖాళీగానే ఉంటుంది. ఇటువంటి వేళ, ఇన్ని పోస్టులు తక్షణం భర్తీ చేయనిదే ఇన్ని కోర్సులు నడపడం సాధ్యం కాదని ప్రభుత్వానికి బహిరంగంగా, లిఖితపూర్వకంగా చెప్పవలసిన సంస్థ మండలి తప్ప మరొకటి లేదు.

సలహా ఇవ్వడం మండలికి అలవాటు తప్పింది. ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రకటించడమే పనిగా మారింది. డిగ్రీ కళాశాలల్లో 2021-22 నుండి ఇంగ్లీషు మాధ్యమం తప్ప మరొకటి ఉండదని ఆంధ్రప్రదేశ్‌లో 2021 జూన్‌లో వెలువడిన ప్రకటన ఇందుకు ఉదాహరణ. ఇంగ్లీషు అవసరమా కాదా అన్నది ఇక్కడ వివాదం కాదు. పన్నెండేళ్ళు తెలుగులో చదివిన విద్యార్థి ఒక్కసారిగా రాజనీతి శాస్త్రాన్ని, వృక్షశాస్త్రాన్ని ఇంగ్లీషులో ఎలా చదవగలడు, అతనికి చెప్పే అధ్యాపకునికి ఎటువంటి శిక్షణ కావాలి, పాఠ్యపుస్తకాలు ఏవి అన్న మీమాంస ముందు జరగాలి, నిర్ణయం ఆ తర్వాత రావాలి. వేలాది విద్యార్థుల భవితవ్యాన్ని నిర్దేశించే ఇంతటి మార్పుకు ముందు విద్యావేత్తల విస్తృత సమాలోచన జరగకపోవడం శోచనీయం. ఆ తర్వాత రెండేళ్ళకే, 2023 ఏప్రిల్‌లో, బోధన ఇంగ్లీషులో జరిగినా విద్యార్థులు స్థానిక భాషల్లో పరీక్ష రాసేందుకు అనుమతించాలని యుజిసి విశ్వవిద్యాలయాలను కోరింది. తెలుగు అకాడమీ వంటి సంస్థ దశాబ్దాలుగా డిగ్రీ స్థాయి పుస్తకాలు వెలువరించిన నేల మీద ఢిల్లీ వారు వచ్చి మాతృభాష విలువను గుర్తుచేయవలసి రావడం ఏమంత గౌరవం?

పోనీ, మండలి సర్వశక్తులూ ధారపోస్తున్న పరీక్షల నిర్వహణ అయినా మచ్చలేకుండా సాగిందా అంటే అదీ లేదు. 2016లో తెలంగాణలో వైద్య విద్యా ప్రవేశాలకు జరిగిన రెండవ ఎంసెట్ ప్రశ్నపత్రం ముందే బయటపడింది. పరీక్షను రద్దుచేసి సెప్టెంబరులో మూడవ ఎంసెట్ నిర్వహించవలసి వచ్చింది. రాత్రింబగళ్ళు చదివి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు తమ తప్పిదమేమీ లేకుండానే మళ్ళీ పుస్తకాలు ముందేసుకున్నారు. ఆ ఏడాది ఆ కుటుంబాలు పడిన మనోవేదనకు పరిహారం ఏముంటుంది? వైద్య ప్రవేశాలు నీట్ పరిధిలోకి వెళ్ళిపోయిన తర్వాత, 2024లో ఆ పరీక్ష దేశవ్యాప్తంగా ఎదుర్కొన్న ఆరోపణలను చూసినవారు, పరీక్ష ఎవరు జరిపారన్నదాని కన్నా ఎంత పకడ్బందీగా జరిపారన్నదే ముఖ్యమని గ్రహించారు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు 2016 నుండి ‘దోస్త్’ ద్వారా ఒకే దరఖాస్తు విధానం రావడం మెచ్చుకోదగినదే. బోగస్ చేరికలకు అది కొంత కళ్ళెం వేసింది. అయినా ఈ పనులన్నిటినీ ఒక సమర్థమైన ప్రవేశాల విభాగానికి అప్పగించి, మండలి పెద్దలు తమ అసలు పనికి తీరిక చేసుకోలేరా?

2014 రాష్ట్ర విభజన ఈ సంస్థను మరింత కుదించివేసింది. ఉమ్మడి మండలి పునర్వ్యవస్థీకరణ చట్టంలోని పదవ షెడ్యూలులో ఉంది. తెలంగాణ తనకంటూ వేరే మండలిని ఏర్పరచుకుంది. ఆ ఏడాది ఇంజనీరింగ్ ప్రవేశాలపై రెండు రాష్ట్రాలు సుప్రీంకోర్టుకెక్కగా, ఆగస్టు నెలాఖరులోగా కౌన్సెలింగ్ ముగించాలని కోర్టు ఆదేశించింది. ఆ తర్వాత బ్యాంకు ఖాతాల తగాదా మొదలయింది. హైదరాబాద్‌లో ఉన్న ఆస్తులు, నిధులు ఎవరివన్న వాదంలో హైకోర్టు 2015లో తెలంగాణ పక్షాన తీర్పు చెప్పగా, 2016 మార్చి 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. ఉభయ రాష్ట్రాలు రెండు నెలల్లో ఒక అంగీకారానికి రావాలని, అలా కుదరకపోతే కేంద్రం సంఘాన్ని నియమించి తేల్చాలని నిర్దేశించింది. విద్యార్థుల రుసుముల నుండి సమకూరిన సొమ్ము కోసం రెండు విద్యా మండళ్ళు న్యాయవాదులను పెట్టుకుని పోరాడిన దృశ్యం ఎవరికీ శోభనివ్వలేదు. ఆంధ్రప్రదేశ్ మండలి తర్వాత మంగళగిరికి తరలివెళ్ళింది. విభజన చట్టం 95వ సెక్షన్ ప్రకారం పదేళ్ళపాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల కోటా కూడా 2024 జూన్ 2తో ముగిసిపోయింది. ఇంటర్‌తో ఉమ్మడి బంధం తెగిన తరువాత, ఒక రాష్ట్రంలో ఇచ్చిన పట్టాకు, క్రెడిట్లకు మరొక రాష్ట్రంలో సులువుగా చెల్లుబాటు కల్పించే విషయంలోనైనా రెండు మండళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చోవడం సరిహద్దు జిల్లాల విద్యార్థులకు మేలు.

విభజన తర్వాత మండలి పక్కన మరికొన్ని సంస్థలు మొలిచాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో ప్రత్యేక చట్టం ద్వారా ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఫీజుల నిర్ణయం, కళాశాలల తనిఖీ దానికి అప్పగించింది. తెలంగాణలో ఫీజులు ప్రవేశాల, రుసుముల నియంత్రణ కమిటీ పరిధిలో ఉన్నాయి. మాజీ న్యాయమూర్తులు నేతృత్వం వహించే ఈ సంఘాల అవసరాన్ని కాదనలేము. అయితే కళాశాలలో బోధన ఎలా ఉందో ఒకరు, ఫీజు ఎంతో మరొకరు, ప్రవేశాలు వేరొకరు, అనుబంధం ఇంకొకరు చూసే విధానంలో సామాన్య విద్యార్థి తన ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి? ఒకరి దగ్గర ఉన్న సమాచారం మరొకరికి చేరుతున్నదో లేదో కూడా తెలియదు. సమన్వయం అనే మాట మండలి చట్టంలో మొదటి విధిగా ఉన్నది కేవలం అలంకారానికి కాదు.

ఫీజు బకాయిల విషయంలో ఈ సమన్వయ లోపం విద్యార్థి నెత్తిన పిడుగై పడుతున్నది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రయివేటు కళాశాలల యాజమాన్యాలు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కళాశాలలు మూసివేసి సమ్మె చేశాయి. కొద్ది రోజుల్లో ప్రభుత్వంతో రాజీ కుదిరింది. కాని ఇది ఒక్క ఏడాది, ఒక్క రాష్ట్రం కథ కాదు. ప్రభుత్వం చెల్లించలేదని కళాశాల ధ్రువపత్రాలు ఆపుతుంది. ధ్రువపత్రాలు లేక విద్యార్థి ఉద్యోగంలో చేరలేడు, పై చదువుకు వెళ్ళలేడు. అప్పు చేసి కట్టి తెచ్చుకునే స్తోమత ఉన్న కుటుంబానికి ఈ పథకమే అక్కరలేదు. ఏటా ప్రవేశాలు జరిపే మండలికి ఆ సంవత్సరం ఎంత సొమ్ము అవసరమవుతుందో ఆర్థిక శాఖ కన్నా ముందే తెలుసు. ఆ లెక్కను బడ్జెట్‌కు ముందు బహిరంగపరచడం, ధ్రువపత్రాలు ఆపడాన్ని అనుబంధం షరతుల్లోనే నిషేధించేలా విశ్వవిద్యాలయాలను ఒప్పించడం మండలి చేయగలిగిన పనులు. వీటికి కొత్త చట్టాలేమీ అక్కరలేదు.

ఇతర రాష్ట్రాల అనుభవం కలగాపులగంగా ఉంది. తమిళనాడు మండలికి ఉన్నత విద్యా మంత్రే అధ్యక్షుడు. మన మండళ్ళకు విద్యావేత్త అధ్యక్షత వహించడం సూత్రరీత్యా మెరుగైన ఏర్పాటు. కాని మూడేళ్ళ పదవి ఇచ్చిన ప్రభుత్వం మారగానే అధ్యక్షుడు కూడా మారే ఆనవాయితీ వల్ల ఆ మెరుగు మసకబారుతున్నది. కేరళ మండలి తన రాష్ట్రంలోని సంస్థల నాణ్యతకు సొంత ర్యాంకింగ్ విధానాన్ని రూపొందించి 2024లో ఫలితాలు ప్రకటించింది. ర్యాంకుల మోజు అన్ని రోగాలకు మందు కాకపోయినా, ఫలానా కళాశాల ఎలా ఉందో తెలుసుకునే అవకాశం ఆ రాష్ట్రంలోని తల్లిదండ్రులకు కలిగింది. తెలుగు రాష్ట్రాల్లో అదే సమాచారం కోసం తల్లిదండ్రులు నేటికీ బస్సుల వెనుక ప్రకటనల మీద, కన్సల్టెంటుల మాటల మీద ఆధారపడుతున్నారు. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ ఉచ్చతర శిక్షా అభియాన్ నిధులు పొందాలంటే రాష్ట్రాలు ఉన్నత విద్యా మండళ్ళు ఏర్పాటు చేయాలన్న షరతు ఉండడంతో చాలా రాష్ట్రాలు హడావుడిగా మండళ్ళు పెట్టాయి. గ్రాంటు కోసం పుట్టిన మండలి గ్రాంటు లెక్కలకే పరిమితమైతే ఆశ్చర్యపోనవసరం లేదు. పాతికేళ్ళు ముందుగా పుట్టిన మన మండలి కూడా అదే స్థితిలో ఉండడమే ఆశ్చర్యం.

పొరుగు దేశం సంగతి చూసినా ఈ సమస్య మూలం ఒకటేనని తోస్తుంది. పాకిస్తాన్ 2010లో 18వ రాజ్యాంగ సవరణ ద్వారా విద్యను రాష్ట్రాలకు అప్పగించింది. సింధ్ 2013లో, పంజాబ్ 2014లో సొంత ఉన్నత విద్యా కమిషన్లు ఏర్పరచుకున్నాయి. ఇస్లామాబాద్‌లో 2002లో వెలసిన కేంద్ర కమిషన్ తన పట్టు సడలించడానికి సిద్ధపడలేదు. ప్రమాణాలు కేంద్రానివా, రాష్ట్రాలవా అన్న తగువు అక్కడా తెగలేదు.

ఆ తగువు భారతదేశంలో ఇప్పుడు కొత్త రూపం దాల్చింది. ఉపకులపతుల నియామకంలో రాష్ట్రాల పాత్రను తగ్గించే ముసాయిదా నిబంధనలను యుజిసి 2025 జనవరిలో వెలువరించగా, తెలంగాణ, తమిళనాడు, కేరళ, కర్ణాటక ప్రభుత్వాలు తీవ్రంగా ప్రతిఘటించాయి. 2025 డిసెంబరులో కేంద్రం యుజిసి, ఎఐసిటిఇ వంటి సంస్థల స్థానంలో ఒకే వ్యవస్థను ప్రతిపాదించే వికసిత భారత్ శిక్షా అధిష్ఠాన్ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టి సంయుక్త పార్లమెంటరీ సంఘానికి నివేదించింది. యుజిసి మార్గదర్శకాల ప్రకారం పనిచేయాలని నిర్దేశించిన 1988 చట్టానికి, యుజిసియే లేకపోతే అర్థమేమిటి? రాష్ట్ర శాసనసభ చేసిన చట్టాన్ని మళ్ళీ రాసుకోవలసిన అవసరం ఏర్పడుతుంది. అప్పుడు 1987 నాటి తీర్పు మరల ముందుకు వస్తుంది.

ఈ విషయంలో రాజకీయ పక్షాలు తమ తమ మాటలు చెబుతున్నాయి. రాష్ట్రాల హక్కులంటూ ఒకరు, జాతీయ ప్రమాణాలంటూ మరొకరు గొంతెత్తుతున్నారు. విద్యార్థుల్లో నూటికి ఎనభై మందిని చదివిస్తున్న రాష్ట్రాల అనుభవాన్ని, అంకెలతో, ఆధారాలతో పార్లమెంటు సంఘం ముందుంచడం మండళ్ళ వంతు. ఎన్ని అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఏ జిల్లాలో ఏ కోర్సుకు గిరాకీ తగ్గింది, కేంద్రం నుండి వచ్చిన 60 శాతం వాటా, రాష్ట్రం కలిపిన 40 శాతం ఏ విశ్వవిద్యాలయానికి ఎంత చేరాయి అన్న వివరాలు మండలి సేకరించి శాసనసభ ముందు కూడా పెట్టాలి. హైదరాబాద్, మంగళగిరి కార్యాలయాల్లో ప్రవేశాల హడావుడి లేని నెలలు ఏటా ఆరేడు ఉంటాయి. సమీక్షా నివేదిక రాయడానికి ఆ వ్యవధి చాలు.